దీపం తెలివి దీపం దగ్గరే

మనిషి ఒంటి నుంచి వేడి అనుక్షణం బయటికి ప్రసరిస్తూనే ఉంటుంది. కంటికి కనబడని ఆ కిరణాల తరంగదైర్ఘ్యం 10 మైక్రోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కిటికీ అద్దం వాటిని దాటనివ్వదు. బకెట్లూ డబ్బాలూ చేసే పాలిథిన్‌ను పలచగా పోత పోస్తే మాత్రం చాలావరకు దాటిపోతాయి. గేటు దగ్గరో పెరటి గోడ మీదో బిగించే సెన్సర్ లైట్లకు కింద తెల్లగా ఉబ్బి ఉండే మూత ఆ పాలిథిన్‌తో చేసిందే. దాన్ని ఊడదీసి వెలుతురుకు పట్టి చూస్తే లోపలివైపు సన్నటి గాడులు, వలయాలు, గళ్లుగళ్లుగా విడగొట్టిన చిన్న కటకాలు కనిపిస్తాయి. ఒక్కో గడి ఒక్కో దిక్కు నుంచి వచ్చే వేడిని పోగుచేసి, వెనకాల ఉన్న లోహపు టోపీలోని సెన్సర్ మీదికి చేరుస్తుంది.

ఈ గాడుల కటకాన్ని దీపస్తంభంలో పనికి పెట్టినవాడు ఫ్రెంచి ఇంజనీరు ఆగస్టిన్ ఫ్రెనెల్. 1823లో ఫ్రాన్సు పడమటి తీరాన కోర్డువాన్ దీపస్తంభంలో అది వెలిగింది. మందపాటి గాజు ముద్ద అక్కర్లేకుండా, దాని వంపును మాత్రం ముక్కలుగా పరిచి, దీపం వెలుగును సముద్రం మీదికి దూరంగా పంపించాడాయన. మన పెరటి లైటులో దారి తిరగబడింది. బయట కదిలే వేడి అవే గాడుల గుండా లోపలికి వస్తుంది.

లోహపు టోపీ లోపల ఉండేది పైరోఎలక్ట్రిక్ పదార్థం. దాని వేడి మారితే ముఖాల మీద విద్యుదావేశం పుడుతుంది, మారకపోతే ఏమీ పుట్టదు. ఈ గుణానికి 1824లో పేరు పెట్టినవాడు స్కాట్లాండు శాస్త్రజ్ఞుడు డేవిడ్ బ్రూస్టర్. సెన్సర్‌లో ఇలాంటి పలుకులు రెండుంటాయి. వాటిని ఒకదానికొకటి ఎదురుగా కలుపుతారు. ఎండ ఎక్కినా, గోడ వేడెక్కినా ఆ మార్పు రెండింటి మీదా ఒకేలా పడుతుంది, తక్కెడ రెండు సిబ్బెల్లోనూ ఒకే బరువు వేసినట్టు. ముల్లు కదలదు. మనిషి అడ్డంగా నడిస్తే వేడి ముందు ఒక పలుకు మీద, ఆ తరువాత రెండోదాని మీద పడుతుంది. అప్పుడు మిల్లీవోల్టు స్థాయిలో ఒక అల పైకీ కిందికీ లేస్తుంది. నేరుగా ఎదురొచ్చే మనిషికన్నా అడ్డంగా దాటే మనిషిని ఇది తొందరగా పసిగట్టడానికి కారణం ఇదే. లైటు బిగించేవాడు మొదట ఆలోచించాల్సింది కూడా ఇదే. నడిచే దారికి ఎదురుగా బిగించిన సెన్సర్ సగం గుడ్డిది.

ఆ మిల్లీవోల్టును పెంచి, నిజమైన కదలికో కాదో తేల్చి, లైటుకు కరెంటు కలిపే రిలేను లాగే పనిని చవక లైట్లలో చాలాకాలంగా బీఐఎస్ఎస్0001 అనే 16 కాళ్ల చిప్పు చేస్తోంది. దాని రూపకల్పనలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. లైటు ఆరిన తరువాత కొద్ది సెకన్లపాటు అది ఏ సంకేతాన్నీ పట్టించుకోదు. రిలే తెరుచుకున్నప్పుడు వైర్లలో ఒక కుదుపు పుడుతుంది. పక్కనే ఉన్న వేడి లైటు అప్పుడే చల్లబడటం మొదలుపెడుతుంది. ఆ మార్పుల్ని మనిషి కదలిక అనుకుంటే లైటు తనను చూసి తానే మళ్లీ వెలిగి, రాత్రంతా ఆరుతూ వెలుగుతూ ఉండేది. ఆ చిన్న విరామాన్ని చిప్పులోనే పెట్టినవాళ్లు లైటు దగ్గర నిలబడి చూసినవాళ్లే అయి ఉండాలి.

ఈ కటకం, సెన్సర్, చిప్పు అన్నీ ఉండే హెడ్డు అడుగున మూడు తిప్పుళ్లుంటాయి. ఎంత చిన్న కదలికకు స్పందించాలో ఒకటి, ఎంతసేపు వెలగాలో ఒకటి, ఎంత చీకటి పడితే పని మొదలుపెట్టాలో ఒకటి. చివరిదాని మీద ఒకవైపు సూర్యుడి బొమ్మ, ఇంకోవైపు చంద్రుడి బొమ్మ అచ్చువేసి ఉంటాయి. కరెంటు సరఫరాకు ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 0.33 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి మన 230 వోల్టుల లైనుకు అడ్డుపడి, 20 మిల్లీఆంపియర్లకు కాస్త పైన మాత్రమే లోపలికి వదులుతుంది. 24 వోల్టుల చిన్న రిలే తీగచుట్టకు 15 మిల్లీఆంపియర్లు చాలు. మిగిలింది చిప్పుకు. అంత తక్కువ సామానుతో, ఇంటర్నెట్ లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, ఏళ్ల తరబడి వానలో ఎండలో పనిచేసే వస్తువు ఇది.

ఇలాంటి లైటును ఇంటి ఆటోమేషన్‌కు కలపాలనుకునేవాళ్లు చాలామంది మొదట ఆ హెడ్డునే పీకి పారేస్తారు. దాని స్థానంలో ఒక వైఫై బోర్డు, ఒక విడి సెన్సర్ మాడ్యూలు పెట్టి, వెలగాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఇంట్లో ఎక్కడో ఉండి ఆటోమేషన్‌ను నడిపే హోమ్ అసిస్టెంట్ పెట్టెకు అప్పగిస్తారు. రౌటర్ బాగున్నంతకాలం అంతా బాగుంటుంది. రౌటర్ మొరాయించిన రాత్రి, పెరట్లో మనిషి తిరిగినా లైటు వెలగదు. కొత్త తెలివి పెట్టే హడావిడిలో పాత తెలివిని ఊడబెరికేశారు. నా దృష్టిలో అది మార్పుచేర్పు పనిలో పెద్ద లోపం.

తెనాలిలో మా బావ చేసిన లైటు చూశాక ఈ పని ఎలా ఉండాలో నాకు స్పష్టమైంది. బావ వృత్తి మోటార్లు, స్టెబిలైజర్లు బాగుచేయడం. పెరటి గోడ మీద 50 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్‌లైటు, మొదట్లో దాని పక్కనే సెన్సర్ హెడ్డు, కింద ఒక పీవీసీ జంక్షన్ బాక్సు. అప్పుడు కొత్తగా వచ్చింది ఆ బాక్సు ఒక్కటే. "ఇది ముందు తనంతట తాను చేసిన పని ఏదీ నా చెయ్యి పడ్డాక ఆగకూడదు బావా," అన్నాడు. ఆ ఒక్క నియమంతో మొత్తం పనిని ముడివేశాడు.

హెడ్డును అతను విప్పలేదు. విప్పితే చిప్పు రెండో కాలు దగ్గరే సంకేతం దొరుకుతుంది, దాన్ని నేరుగా వైఫై చిప్పుకు కలిపేయవచ్చని తోస్తుంది. అది ప్రాణాంతకమైన దారి. ట్రాన్స్‌ఫార్మర్ లేని సరఫరా కాబట్టి హెడ్డులోని 'సున్నా వోల్టుల' గీత కూడా కరెంటు లైనుతోనే ముడిపడి ఉంటుంది. మధ్యలో ఆప్టోకప్లర్ పెట్టి వెలుగు ద్వారా సంకేతం దాటించవచ్చు, చేసేవాళ్లున్నారు, బాగానే చేస్తారు. బావ ఇంకా తేలికైన చోటు వెతికాడు. హెడ్డు నుంచి మామూలుగా మూడు వైర్లు వస్తాయి: గోధుమరంగుది ఫేజు, నీలంది న్యూట్రల్, ఎర్రది లైటుకు వెళ్లేది. కదలిక కనబడితే ఎర్ర వైరులోకి 230 వోల్టులు వస్తాయి. సెన్సర్ చెప్పాల్సిన మాట ఆ ఎర్ర వైరులోనే పూర్తిగా ఉంది.

బల్గేరియా కంపెనీ షెల్లీ తయారుచేసే 'షెల్లీ 1' అనే వైఫై రిలే ఆ మాటను యథాతథంగా వినగలదు. 41 మిల్లీమీటర్ల పొడవు, 36 వెడల్పు, 17 మందం. స్విచ్చు కోసం ఉంచిన దాని ఇన్‌పుట్ నేరుగా 230 వోల్టులనే తీసుకుంటుంది. ఎర్ర వైరును లైటు నుంచి విడదీసి ఆ ఇన్‌పుట్‌కు బిగించాడు. రిలే అవుట్‌పుట్‌ను లైటుకు ఇచ్చాడు. ఫేజు, న్యూట్రల్ హెడ్డుకూ రిలేకూ ఎప్పుడూ ఉంటాయి. మారింది ఒక్క వైరు. రేపు రిలే పాడైతే ఎర్ర వైరును మళ్లీ లైటు వైరుకు కలిపితే చాలు, లైటు మొదటి రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది. తిరిగి వెనక్కి తీసుకోగలిగేలా పనిచేయడం పాత మరమ్మతుదారుల మర్యాద. ఇక్కడ అది ఒకే ఒక్క స్క్రూలో ఉంది.

రిలేలో కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేరును తీసేసి, హోమ్ అసిస్టెంట్‌తో మాట్లాడే ఈఎస్‌పీ హోమ్ ఎక్కించాడు. ఆ పని బల్ల మీద, 3.3 వోల్టుల సరఫరాతో, కరెంటు లైనుకు కలపకముందే పూర్తిచేశాడు. ఆ రిలే పక్కన ఉండే ప్రోగ్రామింగ్ సూదులు కూడా లైను వోల్టేజీతో ముడిపడినవే. ఫేజు కలిపి ఉండగా లాప్‌టాప్ తగిలిస్తే లాప్‌టాప్‌తోపాటు మనిషీ పోవచ్చు.

ఇక లోపలి రాత. సెన్సర్ నుంచి సంకేతం రాగానే రిలే మొదట ఒక ప్రశ్న వేసుకుంటుంది: హోమ్ అసిస్టెంట్‌తో సంబంధం ఉందా? ఉంటే విషయం చెప్పి ఊరుకుంటుంది. వెలిగించాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది, ఎందుకంటే సూర్యుడు దిగంతానికి ఎంత కిందికి దిగాడో, ఇంట్లో ఎవరున్నారో ఆ పెట్టెకు తెలుసు. సంబంధం లేకపోతే రిలే ఎవరినీ అడగకుండా తానే లైటు వెలిగిస్తుంది. కొన్ని నిమిషాలు చూసి, మళ్లీ కదలిక వస్తే లెక్క మొదటినుంచి మొదలుపెట్టి, లేకపోతే ఆర్పేస్తుంది. చదివితే నాలుగు పంక్తులు. ఈ లైటు పరువంతా ఆ నాలుగు పంక్తుల్లోనే ఉంది.

దానికి తోడు ఇంకో పంక్తి ఉంది, చూపుకు ఆనదు. ఈఎస్‌పీ హోమ్ మామూలుగా 15 నిమిషాలపాటు హోమ్ అసిస్టెంట్ నుంచి పలకరింపు లేకపోతే తనను తాను రీస్టార్ట్ చేసుకుంటుంది. వైఫై దొరక్కపోయినా అంతే. ఇంట్లో గది దీపానికి అది మంచి అలవాటే కావచ్చు. పెరటి లైటుకు మాత్రం, రౌటర్ ఆగిన రాత్రంతా పావుగంటకోసారి స్పృహ తప్పి లేవడం అవుతుంది. రెండు చోట్లా ఆ గడువును సున్నా చేసి, రీస్టార్ట్ అవసరం లేదని చెప్పాడు బావ. నెట్‌వర్కు లేని పరిస్థితిని నిజంగా ఊహించుకుని పనిచేసినవాడికే ఆ పంక్తి రాయాలని తోస్తుంది.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది కరెంటు పోయి వచ్చినప్పటి ప్రవర్తన. వేడి మార్పును పసిగట్టే ఈ పీఐఆర్ సెన్సర్‌కు కరెంటు తగిలిన తరువాత నిలదొక్కుకోవడానికి అర నిమిషం నుంచి ఒక నిమిషం పడుతుంది. ఆలోపు అది చెప్పేది నమ్మకూడదు. మామూలు సెన్సర్ లైట్లు కరెంటు రాగానే కాసేపు ఊరికే వెలగడం అందరూ చూసేదే. ఆటోమేషన్‌కు కలిపాక ఇదే చికాకవుతుంది: కరెంటు వచ్చిన ప్రతిసారీ 'పెరట్లో కదలిక' అని ఫోను మోగుతుంది. వేసవిలో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో తెలిసిన ఊళ్లలో ఇలాంటి ఫోనును మూడో రోజుకే ఎవరూ పట్టించుకోరు, నిజంగా మనిషి వచ్చిన రోజున కూడా. బావ లైటులో రిలే, హెడ్డు ఒకే లైను మీద ఉన్నాయి కాబట్టి రెండూ ఒకే క్షణంలో లేస్తాయి. లేచిన మొదటి నిమిషం రిలే సెన్సర్ మాటను ఫోనుదాకా పోనివ్వదు. కానీ లైటును మాత్రం ఆ నిమిషమంతా వెలిగించే ఉంచుతుంది.

ఎందుకు వెలిగించాలని అడిగాను. అతని జవాబులో రెండు సంగతులున్నాయి. రాత్రి కరెంటు వచ్చిన క్షణాన ఇంట్లోవాళ్లు మోటారు వేయడానికో, చూసుకోవడానికో పెరట్లోకి వస్తారు, అప్పుడు వెలుగు ఉండటం మంచిది. రెండోది, పాత లైటు ఉన్నప్పటి నుంచీ అత్తయ్యకు ఒక అలవాటు ఉంది. వెలుగు కావాలంటే వంటింటి గోడ మీది స్విచ్చు ఆపి మళ్లీ వేస్తుంది, లైటు వెలుగుతుంది. సెన్సర్ నిలదొక్కుకునే ఆ కాసేపటినే ఆమె తన అవసరానికి వాడుకుంది. కొత్త అమరికలో కూడా స్విచ్చు ఆపి వేస్తే రిలే కొత్తగా లేస్తుంది, లైటు వెలుగుతుంది. ఆమెకు ఫోనులో ఆప్ చూపించాల్సిన అవసరం రాలేదు. అమెరికాలో తలుపుల దగ్గర బిగించే జంట ఫ్లడ్‌లైట్లలో కొన్నిటికి ఇలా స్విచ్చు ఒక్కసారి ఆపి వేస్తే నిలకడగా వెలిగే సౌకర్యాన్ని తయారీదారులే పెట్టారు. మా అత్తయ్య ఆ సౌకర్యాన్ని సొంతంగా కనిపెట్టుకుంది, కొడుకు దాన్ని కాపాడాడు.

తిప్పుళ్ల దగ్గర ఒక చిక్కు ఉంది. చీకటి తిప్పుడును చంద్రుడి వైపు ఉంచితే హెడ్డు పగలు మూగబోతుంది. పగటి కదలికల సమాచారం ఆటోమేషన్‌కు అందదు. సూర్యుడి వైపు ఉంచితే అంతా అందుతుంది, కానీ నెట్‌వర్కు లేని పగలు ఎవరు నడిచినా లైటు వెలుగుతుంది. పనివాళ్లలో రెండు వాదాలూ ఉన్నాయి. బావ సూర్యుడి వైపే తిప్పాడు. పగలు వెలిగితే కాసింత కరెంటు వృథా, రాత్రి వెలగకపోతే కాలు ఎక్కడ పడుతుందో తెలియదు, అన్నది అతని లెక్క. నాకూ అదే సరి అనిపిస్తుంది. సమయం తిప్పుడును కనిష్ఠానికి దించాడు, ఎంతసేపు వెలగాలో ఇక రిలే చూసుకుంటుంది కాబట్టి. నవంబరులో తెనాలిలో ఐదున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు, జులై మొదట్లో పావు తక్కువ ఏడు అవుతుంది. గడియారం బదులు సూర్యుడి ఎత్తును నమ్ముకున్న ఏర్పాటు ఆ తేడాను ఎవరూ సరిదిద్దకుండానే అనుసరిస్తుంది.

బాక్సు పనితనం వేరే చెప్పాలి. ఫ్లడ్‌లైటు ఒంటి మీద ఐపీ65 అని ఉంటుంది: దుమ్ము చొరబడదు, నీటి ధారకు తట్టుకుంటుంది. చాలా సెన్సర్ హెడ్డులకు ఐపీ44 మాత్రమే, చిందే నీటివరకు సరిపోతుంది. ఫ్లడ్‌లైటు లోపల ఖాళీ ఉంది కదా అని రిలేను అందులో దూర్చడం తప్పు. అల్యూమినియం ఒళ్లు వైఫైని బయటికి రానివ్వదు, ఎల్ఈడీ వేడి రిలేను తొందరగా ముసలిదాన్ని చేస్తుంది, తొలిచిన రంధ్రంతో ఐపీ65 అన్న హామీ పోతుంది. అందుకే విడిగా పీవీసీ బాక్సు. వైర్లన్నీ అడుగు నుంచే గ్లాండుల గుండా లోపలికి వెళ్తాయి. ప్రతి వైరూ లోపలికి ఎక్కేముందు కాస్త కిందికి వంగుతుంది, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోయేలా. గోడలోంచి వచ్చే పైపు మూతిని సిలికాన్‌తో మూశాడు. మన దగ్గర జంక్షన్ బాక్సులకు వానకన్నా పెద్ద శత్రువులు చీమలు. వెచ్చటి రిలే చుట్టూ గూడు కట్టి కాంటాక్టుల మధ్యకు మట్టి తెస్తాయి.

శత్రువుల మాట వచ్చింది కాబట్టి బల్లుల గురించీ చెప్పాలి. లైటుకు పురుగులు, పురుగులకు బల్లులు. కటకం మీద పాకే బల్లి దాదాపు అన్ని గళ్లకూ అడ్డొస్తుంది, దాని ఒంటి వేడి తక్కువైనా సరే. పరిష్కారం సులువు, ఈ అమరిక వల్లనే సాధ్యం: సెన్సరూ లైటూ ఒకే చోట ఉండనక్కర్లేదు. బావ హెడ్డును లైటు నుంచి దూరంగా, గోడ మూలకు జరిపాడు. పురుగులు లైటు దగ్గరే తిరుగుతాయి, హెడ్డు దగ్గర చీకటి. అరటి చెట్టు వైపు చూసే గళ్లకు కటకం లోపలివైపు నల్ల టేపు ముక్కలు అంటించాడు. ఎండకు కాగిన అరటాకు గాలికి ఊగితే సెన్సర్‌కు అది కదిలే వేడే. ఏ గడి ఏ దిక్కుకు చూస్తుందో, పెరట్లో నడుస్తూ ఒక్కొక్కటే మూసి తెరిచి తెలుసుకున్నాడట. టేపు ముక్కల అంచులు గాడుల అంచులకు సరిగ్గా కలిసిన తీరు చూస్తే అది నమ్మవచ్చు.

వేసవి ఒక్కటి అతనికీ పూర్తిగా లొంగలేదు. ఇలాంటి హెడ్డుల పెట్టెల మీద 12 మీటర్ల దూరం అని పెద్దగా, పక్కనే 24 డిగ్రీల లోపు అని చిన్నగా అచ్చు వేస్తారు. సెన్సర్ చూసేది మనిషికీ వెనకాల గోడకూ ఉన్న వేడి తేడాను. చర్మం 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో పొద్దంతా కాగిన గోడ రాత్రి కూడా ఆ వేడికి దగ్గరగానే ఉంటే, మనిషి గోడలో కలిసిపోతాడు. చూపు తగ్గిపోతుంది. మిల్లీమీటర్ తరంగాల రాడార్ సెన్సర్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, వేడితో దానికి పని లేదు. కానీ అది ఊగే కొమ్మనూ వాననూ చూస్తుంది, పలచటి అడ్డుల్ని దాటి వీధిలో నడిచేవాళ్లనూ చూస్తుంది. ఇంటి లోపలికి అది మంచిది. ఆరుబయట ఇంకా పీఐఆరే మేలు.

బావ రాడార్ జోలికి పోకుండా, గేటు వైపు రెండో హెడ్డు బిగించి దూరాన్ని రెండుగా పంచాడు. రెండు ఎర్ర వైర్లనూ కలిపి అదే ఇన్‌పుట్‌కు ఇచ్చాడు. ఎవరు చూసినా లైటు వెలుగుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి: రెండు హెడ్డులూ ఒకే ఫేజు మీద ఉండాలి. మూడు ఫేజుల సరఫరా ఉన్న ఇళ్లలో గేటు లైను ఒక ఫేజు మీద, పెరటి లైను ఇంకో ఫేజు మీద ఉండటం మామూలే. అలాంటి చోట ఎర్ర వైర్లు కలిపితే, రెండు హెడ్డులూ ఒకేసారి పనిచేసిన క్షణాన 400 వోల్టుల దాకా ఎదురెదురుగా కొట్టుకుంటాయి. అతను కలిపేముందు రెండు వైర్ల మధ్య మీటరు పెట్టి, రెండు హెడ్డులనూ ఒకేసారి పనిచేయించి, సున్నా చూశాకే స్క్రూ బిగించాడు. బాక్సు మూత లోపలివైపు ఆ సంగతిని, ఏ వైరు ఎక్కడికి పోతుందో చూపే బొమ్మతో సహా, తెలుగులో రాసి అంటించాడు, రేపు వచ్చే ఎలక్ట్రీషియన్ కోసం.

సెన్సర్ హెడ్డులు తయారుచేసేవాళ్లు ఒక మేలు చేస్తే ఈ పని ఇంకా నిర్భయంగా సాగుతుంది. లోపల ఉన్న రిలేకు, ఫేజుతో సంబంధం లేని రెండు కాంటాక్టు తీగలను విడిగా బయటికి తెచ్చి ఇస్తే చాలు. అప్పుడు సంకేతం 230 వోల్టులను వెంటబెట్టుకుని రాదు. ఏ ఫేజు మీద ఉన్న హెడ్డులనైనా కలపవచ్చు, వైఫై రిలే ఏ కంపెనీదైనా సరిపోతుంది. ఇళ్ల ఎలక్ట్రీషియన్లు కూడా భయం లేకుండా ఈ పనికి ఒప్పుకుంటారు.